బిడ్డకు వినబడుతోందా? జేబులోని ఫోనును వైద్య పరికరంగా మలిచిన ఒక ప్రొఫెసర్ కథ

మన ఇళ్లలో బిడ్డ పుట్టగానే కుడి చెవిలో అజాన్ పలుకుతాం. తండ్రో, తాతో, మసీదు ఇమామ్ గారో పొత్తిళ్లలోని బిడ్డను చేతుల్లోకి తీసుకుని మెల్లని గొంతుతో చెబుతారు. ఈ లోకంలో బిడ్డకు మనం అందించే మొదటి మాటలు అవే. ఆ సంతోషంలో బిడ్డ కళ్లు చూస్తాం, వేళ్లు లెక్కపెడతాం, ఎవరి పోలిక వచ్చిందో మాట్లాడుకుంటాం. ఆ చిన్న చెవికి వినికిడి ఉందా అని మాత్రం ఎవరమూ అడగం.

అడగకపోవడం మన తప్పు కాదు. కంటిలో పువ్వు ఉంటే కనబడుతుంది, కాలు వంకర ఉంటే కనబడుతుంది. వినికిడి లోపం కంటికి కనబడదు. వెయ్యిమంది పిల్లలు పుడితే వారిలో ఒకరి నుంచి ముగ్గురి వరకు శాశ్వత వినికిడి లోపంతో పుడతారని వైద్యుల అంచనా. ఆ బిడ్డ కూడా అందరిలాగే ఏడుస్తుంది, నవ్వుతుంది, పాలు తాగుతుంది. రెండేళ్లు దాటినా మాటలు రాకపోతే అప్పుడు మొదలవుతుంది బెంగ. అప్పుడు కూడా “వాళ్ల అబ్బా కూడా మూడేండ్లకే మాట్లాడినాడు లే” అని ఇంట్లో పెద్దవాళ్లు ధైర్యం చెబుతారు. ఇంకో ఏడాది గడిచిపోతుంది. పోయిన ఆ కాలం తిరిగి రాదు.

ఈ సంచికలో ఒక కంప్యూటర్ సైన్స్ ప్రొఫెసర్‌ను పరిచయం చేయాలని మేము అనుకున్నప్పుడు, కంప్యూటరుకు, పసిబిడ్డ చెవికి ఏం సంబంధమని మా కమిటీలోనే కొందరు అడిగారు. ఆ ప్రశ్నకు జవాబే ఈ వ్యాసం. ఆ ప్రొఫెసర్ పేరు శ్యామ్‌నాథ్ గొల్లకోట. అమెరికాలోని సియాటిల్ నగరంలో ఉన్న వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో ఆయన పనిచేస్తున్నారు. ఇంటిపేరు వినగానే అది మన తెలుగు నేలదని తెలిసిపోతుంది.

కనబడకుండా పనిచేసే కంప్యూటరు

ముందుగా ఆయన రంగం గురించి నాలుగు మాటలు. దానిని మొబైల్ కంప్యూటింగ్, పర్వేసివ్ కంప్యూటింగ్ అంటారు. మొదటిది మనతో తిరిగే కంప్యూటరు, అంటే సెల్ ఫోను. రెండవది మన చుట్టూ అన్ని వస్తువులలోనూ కలిసిపోయిన కంప్యూటరు. అమెరికాలోని జెరాక్స్ సంస్థ పరిశోధనాలయంలో పనిచేసిన మార్క్ వైజర్ ఈ ఆలోచనకు ఆద్యుడు. కంప్యూటరు ముందు మనిషి కూర్చోవడం కాక, మనిషి పనుల్లో కంప్యూటరే కలిసిపోయి కంటికి కనబడకుండా పోవాలని ఆయన 1991లో ఒక ప్రసిద్ధ వ్యాసంలో రాశారు. అప్పటికి మన ఊళ్లలో కంప్యూటరు చూసినవారే తక్కువ.

ఈరోజు ఆ మాట మన వీధుల్లోనే నిజమైంది. హిందూపురంలో టీ కొట్టు దగ్గర డబ్బు పంపగానే చిన్న డబ్బా ఎంత వచ్చిందో గట్టిగా చెబుతుంది. ఆ డబ్బాలో ఒక కంప్యూటరు ఉందని మనం అనుకోం. పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో తయారయ్యే కారులో పదుల సంఖ్యలో చిన్న కంప్యూటర్లు ఉంటాయి. 44వ నంబరు జాతీయ రహదారి మీద టోల్ గేటు దాటుతుంటే అద్దానికి అతికించిన ఫాస్టాగ్ బిళ్ల తన నంబరు తానే చెప్పుకుంటుంది.

ఫాస్టాగ్ సంగతి కాస్త గుర్తుపెట్టుకోండి. అందులో బ్యాటరీ లేదు. అయినా అది మాట్లాడుతుంది. ఎలా? చిన్నప్పుడు మనమందరం అద్దం ముక్కతో ఎండను గోడ మీదికి, ఎదురింటి అరుగు మీదికి మళ్లించి ఆడుకున్నవాళ్లమే. వెలుగు మనది కాదు, సూర్యుడిది. అద్దం కదిలించడం మాత్రమే మన పని. టోల్ గేటు పైనున్న యంత్రం రేడియో తరంగాలు పంపుతుంది. ఫాస్టాగ్ వాటితోనే మేల్కొని, వాటినే కొద్దికొద్దిగా మార్చి వెనక్కి తిప్పి పంపుతుంది. ఆ మార్పులోనే బండి నంబరు ఉంటుంది. ఈ పద్ధతిని బ్యాక్‌స్కాటర్ అంటారు. గొల్లకోట గారి పరిశోధనలో సగభాగం ఈ అద్దం ముక్క ఆటే.

చదువు, తొలి అడుగులు

ఆయన మద్రాసు ఐఐటీలో కంప్యూటర్ సైన్స్‌లో బీటెక్ చదివి 2006లో పూర్తి చేశారు. తర్వాత అమెరికాలోని ఎంఐటీలో దీనా కతాబీ అనే ప్రొఫెసర్ వద్ద పరిశోధన చేశారు. అక్కడ ఆయన ఎత్తుకున్న సమస్య చాలా సామాన్యమైనది.

వేలంపాటలో ఇద్దరు ఒకేసారి కేక వేస్తే పాటగాడికి ఏదీ అర్థం కాదు. మళ్లీ చెప్పమంటాడు. మళ్లీ ఇద్దరూ ఒకేసారి అరిస్తే మళ్లీ అదే గోల. వైఫైలో కూడా అంతే. ఒకరి ఉనికి ఒకరికి తెలియని రెండు పరికరాలు ఒకేసారి సందేశం పంపితే రెండూ కలిసి చెడిపోతాయి. అలా చెడినదాన్ని పారవేసి, మళ్లీ పంపమనడమే అంతవరకు ఉన్న పద్ధతి. 2008లో గొల్లకోట గారు, కతాబీ గారు వేరే దారి చూపించారు. రెండవసారి ఢీకొన్నప్పుడు ఆ ఇద్దరూ సరిగ్గా మొదటిసారి ఢీకొన్న చోటనే ఢీకొనరు, కొంచెం ముందో వెనకో అవుతారు. ఒకదానిలో కలవకుండా మిగిలిన చిన్న ముక్కను పట్టుకుని, దానిని రెండవదానిలోంచి తీసివేస్తే ఇంకో ముక్క బయటపడుతుంది. ఇలా ఇటునుంచి అటు, అటునుంచి ఇటు నడుస్తూ రెండు సందేశాలనూ విడదీయవచ్చు. అందుకే ఆ పద్ధతికి జిగ్‌జాగ్ అని పేరు పెట్టారు. చిక్కుపడిన పట్టు పోగును ధర్మవరంలో ఆడవాళ్లు తెంపకుండా విడదీసే తీరు చూసినవారికి ఇది తొందరగా అర్థమవుతుంది.

2011లో ఆయన మరో పని చేశారు. గుండెలో అమర్చే పేస్‌మేకర్ వంటి పరికరాలు డాక్టరు యంత్రంతో వైర్‌లెస్‌గా మాట్లాడతాయి. చెడ్డ ఉద్దేశం ఉన్నవాడు దూరం నుంచే ఆ పరికరానికి తప్పుడు ఆదేశం పంపితే? ఆపరేషన్ చేసి పరికరాన్ని మార్చకుండా, రోగి ఒంటిమీద వేసుకునే చిన్న కవచం లాంటి పరికరంతోనే ఆ దొంగ ఆదేశాలను అడ్డుకోవచ్చని ఆయన బృందం నిరూపించింది. ఈ పరిశోధనలన్నీ కలిసిన ఆయన సిద్ధాంత గ్రంథానికి, ప్రపంచంలోని కంప్యూటర్ శాస్త్రజ్ఞుల సంఘమైన ఏసీఎం 2012 సంవత్సరానికి ఉత్తమ డాక్టరేట్ పరిశోధన బహుమతి ఇచ్చింది.

బ్యాటరీ లేని ఫోను

ఆ తరువాత ఆయన వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో అధ్యాపకుడిగా చేరారు. వస్తువుకొక కంప్యూటరు పెట్టాలంటే పెద్ద అడ్డంకి బ్యాటరీ. ఇంటికి నాలుగు ఫోన్లు ఉంటేనే చార్జింగ్ తీగల కోసం గొడవ. ఇక ఇంట్లో వంద వస్తువులకు బ్యాటరీలు ఎవరు మారుస్తారు?

2013లో ఆయన, తోటి అధ్యాపకులు, విద్యార్థులు కలిసి ఒక ప్రయోగం చూపించారు. ఫాస్టాగ్‌కు టోల్ గేటు యంత్రం ప్రత్యేకంగా తరంగాలు పంపాలి. అదీ అవసరం లేకుండా, గాలిలో ఎప్పుడూ ఉండే టీవీ ప్రసార తరంగాలనే అద్దం ముక్కతో తిప్పినట్టు తిప్పి, బ్యాటరీ లేని రెండు బిళ్లలు ఒకదానితో ఒకటి మాట్లాడుకునేలా చేశారు. 2016లో ఇదే సూత్రంతో మామూలు వైఫై కంటే పదివేల రెట్లు తక్కువ విద్యుత్తుతో వైఫై సంకేతాలు పంపే పరికరాన్ని చూపారు.

2017లో బ్యాటరీ లేని ఫోనును తయారు చేశారు. దానికి కావలసిన విద్యుత్తు సుమారు 3.5 మైక్రోవాట్లు. మైక్రోవాట్ అంటే ఒక వాట్‌లో పది లక్షల వంతు. మన గొంతుకు మైకులో కలిగే కదలికనే నేరుగా రేడియో తరంగాల మార్పుగా మలచడం వల్ల ఇంత పొదుపు సాధ్యమైంది. గదిలోని బేస్ స్టేషన్ నుంచి వచ్చే రేడియో తరంగాల శక్తితోనే 31 అడుగుల దూరం వరకు అది పనిచేసింది. బియ్యపు గింజంత సౌర ఫలకం జోడిస్తే 50 అడుగుల వరకు పనిచేసింది. అది అంగడిలో దొరికే ఫోను కాదు, ప్రయోగశాల నమూనా. అయినా ఫోనుకు బ్యాటరీ తప్పనిసరి అన్న నమ్మకాన్ని అది కదిలించింది.

ఫోనుకు చెవులున్నాయి

ఆయన పరిశోధనలో రెండవ సగం మనకు ఇంకా దగ్గరిది. ఫోనులో ఒక స్పీకరు, ఒక మైకు ఉంటాయి. అంటే దానికి నోరు, చెవి రెండూ ఉన్నాయి. గబ్బిలం చీకటిలో శబ్దం చేసి, తిరిగి వచ్చిన ప్రతిధ్వనిని బట్టి దారి తెలుసుకుంటుంది. ఫోను కూడా అలా చేయగలదు కదా అన్నదే ఆలోచన.

నిద్రలో ఊపిరి ఆగి ఆగి రావడం ఒక జబ్బు. గట్టిగా గురక పెట్టేవారిలో చాలామందికి ఇది ఉంటుంది. దానిని కనుక్కోవాలంటే ఆసుపత్రిలో ఒంటినిండా తీగలు కట్టుకుని ఒక రాత్రి పడుకోవాలి. 2015లో గొల్లకోట గారు, ఆయన విద్యార్థిని రాజలక్ష్మి నందకుమార్, ఒక నిద్ర వైద్య నిపుణుడితో కలిసి వేరే మార్గం చూపారు. మంచం పక్కన పెట్టిన ఫోను మనిషి చెవికి అందనంత సన్నని శబ్దం పంపుతుంది. ఊపిరితో ఛాతీ లేచి పడుతుంటే ప్రతిధ్వనిలో చిన్న తేడా వస్తుంది. ఊపిరి ఆగితే ఆ తేడా ఆగుతుంది. ఒంటికి ఏ తీగా తగలదు. 37 మంది రోగుల మీద ఆసుపత్రి యంత్రంతో పోల్చి చూస్తే ఫలితాలు చాలా దగ్గరగా వచ్చాయి.

2019లో చెవి వంతు వచ్చింది. చిన్నపిల్లలకు జలుబు చేసినప్పుడు కర్ణభేరి వెనుక నీరు చేరుతుంది. నొప్పి, జ్వరం, కొన్నిసార్లు కొన్ని వారాలపాటు సరిగా వినబడకపోవడం దాని ఫలితాలు. దానిని గుర్తించడానికి ఆ బృందం వాడిన పరికరం ఏమిటో తెలుసా? ఫోను అడుగున చుట్టిన ఒక కాగితపు గరాటు. సెనగలు కట్టించుకునే పొట్లం లాంటిది. ఫోను ఆ గరాటు గుండా చెవిలోకి పిట్ట కూతలాంటి చిన్న శబ్దాలు పంపి, తిరిగి వచ్చినదాన్ని వింటుంది. ఖాళీ కుండను తడితే ఒక మోత, నీళ్లున్న కుండను తడితే ఇంకో మోత. కర్ణభేరి కూడా అంతే. సియాటిల్ పిల్లల ఆసుపత్రిలో ఏడాదిన్నర నుంచి 17 ఏళ్ల వయసు వరకు ఉన్న 53 మంది పిల్లల మీద పరీక్షిస్తే, నీరు ఉందో లేదో చెప్పడంలో 85 శాతం సరిగా వచ్చింది. ఖరీదైన ప్రత్యేక పరికరాల ఫలితాలకు ఇది తీసిపోదు.

అదే సంవత్సరం మరో పరిశోధనలో, గుండె ఆగిన మనిషి తీసే వింత ఎగశ్వాసను గదిలోని స్మార్ట్ స్పీకరు గుర్తుపట్టేలా చేశారు. 2022లో ఒక్క చుక్క నెత్తురును చిన్న గిన్నెలో వేసి, ఫోను వైబ్రేషన్‌తో కదిలిస్తూ, అందులోని చిన్న రాగి రేణువు కదలిక ఎప్పుడు ఆగుతుందో ఫోను కెమెరాతో చూసి, నెత్తురు గడ్డకట్టే సమయాన్ని లెక్కించారు. గుండె కవాటం మార్పించుకుని జీవితాంతం మాత్రలు మింగేవారికి ఈ పరీక్ష ఎంత తరచుగా అవసరమో ఆ కుటుంబాలకు తెలుసు.

పసిచెవి ఇచ్చే జవాబు

ఇప్పుడు మనం మొదట అడిగిన ప్రశ్నకు వద్దాం. వారం రోజుల బిడ్డకు వినబడుతోందో లేదో ఎలా తెలుస్తుంది? బిడ్డ చెప్పలేదు. కానీ చెవి చెబుతుంది.

లోపలి చెవిలో నత్తగుల్ల ఆకారంలో కాక్లియా ఉంటుంది. అందులోని సన్నని వెంట్రుకల వంటి కణాలు శబ్దానికి కదులుతాయి. ఆరోగ్యంగా ఉన్న కాక్లియా శబ్దాన్ని తీసుకోవడమే కాదు, తాను కూడా ఒక అతి చిన్న శబ్దాన్ని బయటికి పంపుతుంది. 1978లో బ్రిటన్ శాస్త్రజ్ఞుడు డేవిడ్ కెంప్ దీనిని కనుగొన్నారు. రెండు వేర్వేరు స్వరాలు ఒకేసారి చెవిలో వినిపిస్తే, బాగున్న చెవి మూడవ స్వరాన్ని తానే పుట్టించి పంపుతుంది. బిడ్డ నిద్రలో ఉన్నా సరే. ఆ మూడవ స్వరం వస్తే కాక్లియా పనిచేస్తున్నట్టు. రాకపోతే ఇంకా పరీక్షలు చేయాలి. ఓఏఈ అని పిలిచే ఈ పరీక్షకు నొప్పి లేదు, సూది లేదు. బిడ్డ ఏడవకుండా ఉంటే కొద్ది నిమిషాల్లో అయిపోతుంది.

చిక్కంతా యంత్రం ధరలోనే ఉంది. అది వేల డాలర్లలో ఉంటుంది. పేద దేశాలలో చిన్న ఆసుపత్రులకు అది అందదు. గొల్లకోట గారు, ఆయన విద్యార్థి జస్టిన్ చాన్, మరికొందరు కలిసి 2022లో దీనికి చవక మార్గం చూపారు. మామూలు ఇయర్ ఫోన్ల జత, ఒక మైకు, సన్నని గొట్టాలు. ఒక ఇయర్ ఫోను ఒక స్వరం, రెండవది మరో స్వరం వినిపిస్తాయి. మైకు చెవి జవాబును వింటుంది. లెక్క ఫోను చేస్తుంది. విడి భాగాల ఖర్చు దాదాపు పది డాలర్లు, అంటే అప్పటి మారకంలో ఎనిమిది వందల రూపాయల పైచిలుకు. వారం వయసు బిడ్డ నుంచి ఇరవై ఏళ్ల యువకుల వరకు మొత్తం 201 చెవులను పరీక్షించారు. లోపం ఉన్న ఏ చెవినీ అది వదిలిపెట్టలేదు. బాగున్న చెవులలో సుమారు 89 శాతాన్ని బాగున్నవని చెప్పింది, మిగిలినవాటిని అనుమానించింది. ముందస్తు పరీక్షలో ఈ తరహా పొరపాటే మేలు. బాగున్న బిడ్డను ఇంకోసారి పరీక్షకు పంపితే పోయేది ఒక పూట. లోపం ఉన్న బిడ్డను వదిలేస్తే పోయేది ఒక జీవితపు మాట.

ఏసీఎం ఆయనకు 2020 సంవత్సరానికి గ్రేస్ మరే హాపర్ అవార్డు ఇచ్చింది. ఇది వయసులో చిన్నవారైన కంప్యూటర్ నిపుణులకు ఇచ్చే పెద్ద గౌరవం. మనకు పొరుగున ఉన్న బెంగళూరులోని ఇన్ఫోసిస్ సైన్స్ ఫౌండేషన్ 2024 సంవత్సరానికి ఇంజనీరింగ్, కంప్యూటర్ సైన్స్ విభాగంలో ఇన్ఫోసిస్ బహుమతిని ఆయనకే ప్రకటించింది. తక్కువ ఆదాయం గల దేశాలకు పనికివచ్చే వైద్య సాధనాలను ఫోనుతో రూపొందించడాన్ని ఆ బహుమతి ప్రత్యేకంగా గుర్తించింది.

మగ్గం చప్పుడులో నిద్రపోయే పాప

ఇక మన ఊళ్ల మాట. ధర్మవరంలో మగ్గం ఉన్న ఇంట్లోనే ఉయ్యాల కూడా ఉంటుంది. మరమగ్గం ఆడే ఇంట్లో పక్కవాడి మాట వినబడాలంటే అరవాలి. అంత చప్పుడులో పాప హాయిగా నిద్రపోతుంటే “మగ్గానికి అలవాటు పడింది, బంగారు తల్లి” అని మురిసిపోతాం. చాలామంది పిల్లల విషయంలో అది నిజమే. కానీ ఒక్కోసారి పాప కదలకపోవడానికి కారణం అలవాటు కాకపోవచ్చు. ఆ ఒక్క పాప కోసమే ఈ వ్యాసం రాస్తున్నాం.

ఇంకో విషయం మొహమాటం లేకుండా చెప్పుకోవాలి. దగ్గరి బంధువుల మధ్య పెళ్లిళ్లు మన రాయలసీమలో అన్ని మతాలవారిలోనూ ఉన్నాయి. పుట్టుకతో వచ్చే వినికిడి లోపం వంటి వంశపారంపర్య సమస్యలకు ఇలాంటి పెళ్లిళ్లలో అవకాశం కొంత ఎక్కువని వైద్యశాస్త్రం చెబుతోంది. ఇది ఎవరినీ నిందించడానికి కాదు. అలాంటి కుటుంబంలో బిడ్డ పుడితే చెవి పరీక్ష తప్పకుండా చేయించాలని గుర్తుచేయడానికే.

వైద్యులు చెప్పే లెక్క సులభంగా గుర్తుంటుంది: ఒకటి, మూడు, ఆరు. మొదటి నెలలోపు పరీక్ష, అనుమానం ఉంటే మూడవ నెలలోపు నిర్ధారణ, ఆరవ నెలలోపు చికిత్స లేదా వినికిడి యంత్రం మొదలు. మెదడు మాటను నేర్చుకునే కాలం మొదటి కొన్ని ఏళ్లే. ఆ కాలంలో శబ్దం అందిన బిడ్డ మాట్లాడుతుంది, బడికి పోతుంది. ఆలస్యంగా అందిన బిడ్డకు అదే యంత్రం ఇచ్చినా మాట రావడం చాలా కష్టం.

ఇంట్లో గమనించవలసినవి కూడా ఉన్నాయి. మొదటి నెలల్లో పెద్ద శబ్దానికి బిడ్డ ఉలిక్కిపడాలి. ఆరు నెలలకు అమ్మ గొంతు వచ్చిన వైపు తల తిప్పాలి. ఏడాదికి పేరు పెట్టి పిలిస్తే చూడాలి, అమ్మ, తాత, అబ్బా వంటి మాటలకు దగ్గరగా ఏదో ఒకటి పలకాలి. పిలిచేటప్పుడు బిడ్డకు కనబడకుండా వెనుక నుంచి పిలవండి. ఎదురుగా చప్పట్లు కొడితే బిడ్డ చేతులను చూసి తిరగవచ్చు, తలుపు దబాలున వేస్తే అదురుకు తిరగవచ్చు. అది విన్నట్టు కాదు.

చెవి నొప్పి అనగానే నూనె కాచి పోయడం, ఆకు పసరు పిండడం మానాలి. కర్ణభేరికి రంధ్రం ఉంటే అది లోపలికి పోయి హాని చేస్తుంది. చెవి కారుతుంటే చెవి డాక్టరు దగ్గరికే తీసుకుపోవాలి.

ప్రభుత్వం 2013లో మొదలుపెట్టిన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమంలో పుట్టినప్పటి నుంచి 18 ఏళ్ల వరకు పిల్లలను పరీక్షిస్తారు. వినికిడి లోపం ఆ జాబితాలో ఉంది. కాన్పు అయిన ఆసుపత్రిలో, అంగన్‌వాడీలో దీని గురించి అడగండి. ఓఏఈ పరీక్ష కాక్లియా వరకే చెబుతుంది. నెలలు నిండకుండా పుట్టినా, తీవ్రమైన కామెర్లు వచ్చినా, పుట్టగానే ప్రత్యేక వార్డులో ఉంచవలసి వచ్చినా బెరా అనే పరీక్ష కూడా చేయించాలి. నరం ద్వారా శబ్దం మెదడుకు చేరుతోందో లేదో అది చూపుతుంది. పెద్ద పరీక్షలకు, మాట నేర్పే శిక్షణకు మైసూరులో అఖిల భారత వాక్ శ్రవణ సంస్థ ఉంది. అది 1965లో ఏర్పడింది. హైదరాబాదులో పుట్టి దేశానికి రాయబారిగా, మహారాష్ట్రకు గవర్నరుగా పనిచేసిన నవాబ్ అలీ యావర్ జంగ్ పేరు మీద ముంబయిలో 1983లో ఏర్పడిన జాతీయ సంస్థకు సికింద్రాబాదులో ప్రాంతీయ కేంద్రం ఉంది.

ఒక హెచ్చరిక. ఈ వ్యాసం చదివి ఎవరూ ఫోనులో ఏదో ఒక యాప్ వేసుకుని బిడ్డ చెవిలో పెట్టవద్దు. గొల్లకోట గారి బృందం చేసినవి వైద్యుల సమక్షంలో జరిగిన పరిశోధనలు. వాటి విలువ, ఇంతటి పరీక్ష ఇంత చవకగా సాధ్యమని నిరూపించడంలో ఉంది. మనం అడగడం మొదలుపెడితేనే అవి మన ఊరి ఆసుపత్రి దాకా వస్తాయి.

మన విద్యార్థులకు

మా సహాయంతో చదివే పిల్లలను ఏం కావాలని అడిగితే, కంప్యూటర్ గ్రూపు వారిలో చాలామంది చెప్పే జవాబు ఒకటే: బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. అది మంచి కోరికే. ఇల్లు నిలబడుతుంది, చెల్లెలి చదువు సాగుతుంది. కానీ ఈ ప్రొఫెసర్ జీవితంలో ఇంకో సంగతి కూడా చూడండి. ఆయన వాడినవన్నీ మీ చేతిలో ఉన్నవే: ఒక ఫోను, ఒక కాగితం, ఒక ఇయర్ ఫోన్ల జత. వాటి వెనుక ఉన్నది ఇంటర్‌లో మనం పరీక్ష కోసం బట్టీ పట్టి వదిలేసే ధ్వని తరంగాల పాఠం, లెక్కల పాఠం. శబ్దం నీటికి తగిలితే ఏమవుతుందో నిజంగా అర్థం చేసుకున్నవాడికి కాగితపు గరాటు కూడా పరికరమే అయింది. అర్థం కానివాడికి లక్ష రూపాయల ఫోను కూడా రీల్స్ చూసే పెట్టె.

ఇంకొకటి, సమస్య ఎక్కడ ఉందో తెలిసినవారికే దాని పరిష్కారం తడుతుంది. మరమగ్గం ఇంట్లో పెరిగిన అమ్మాయికి ఆ చప్పుడు నేతగాళ్ల చెవిని ఏం చేస్తుందో తెలుసు. పట్టుగూళ్లు పెంచే ఇంటి అబ్బాయికి పురుగుల గదిలో వేడి, తేమ ఒక్క రాత్రి తప్పితే పంట ఎలా పోతుందో తెలుసు. ఆ చప్పుడును కొలిచే, ఆ తేమను చూసి హెచ్చరించే చవకైన పరికరం ఎందుకు మన ఊరి నుంచి రాకూడదు? అది కూడా పర్వేసివ్ కంప్యూటింగే. దానికి సియాటిల్ దాకా పోనవసరం లేదు.

మా వంతుగా మేము ఒకటి అనుకున్నాం. ఇకపై మేము ఏర్పాటు చేసే వైద్య శిబిరాలలో కళ్ల పరీక్ష బల్ల పక్కనే చిన్నపిల్లల వినికిడి పరీక్షకు కూడా ఒక బల్ల ఉండాలి. నిపుణులైన ఆడియాలజిస్టును పిలిపించే ప్రయత్నం చేస్తాం. మా కుటుంబాల్లో బిడ్డ పుట్టిందని కబురు రాగానే, పేరేం పెట్టారని అడిగిన తరువాత చెవి పరీక్ష చేయించారా అని కూడా అడుగుతాం. పాఠకులు కూడా అడగండి. అడిగినందుకు ఎవరైనా నొచ్చుకుంటే ఈ వ్యాసం చూపించండి.

బిడ్డ చెవిలో మొదటి మాట పలికే బాధ్యత ఇంటి పెద్దలది. ఆ మాట వినబడుతోందో లేదో చూసే బాధ్యత కూడా మనదే.